మా అత్తగారు అపస్వరం పాడలేదు: డియర్‌బోర్న్‌లో ఒక ఊద్ క్లాసు

ముందే చెప్పేస్తాను, ఈ క్లాసుకి నేను ఐదుకి నాలుగు వేస్తున్నాను, తగ్గించిన ఆ ఒక్కటీ సంగీతం వల్ల కాదు. మిషిగన్‌లోని డియర్‌బోర్న్‌లో ఒక కమ్యూనిటీ సెంటర్ వాళ్లు నడిపే అరబ్ సంగీతం క్లాసు ఇది. పది వారాలు, శనివారం పొద్దున పదింటి నుంచి పన్నెండున్నర దాకా, పెద్దవాళ్లకి 220 డాలర్లు, పిల్లలకి 140. మొదటి గంట ఎవరి వాయిద్యం వాళ్లు నేర్చుకోవాలి, మిగతా టైమంతా అందరూ కలిసి వాయించాలి. మేం ముగ్గురం చేరాం. మా ఆయన ఊద్ (మీటి వాయించే అరబ్ తీగ వాయిద్యం), పదకొండేళ్ల మా పాప రిక్ (కంజిరలాంటిదే, కాకపోతే అంచు చుట్టూ తాళాలు ఎక్కువ), నేను నా పాత వయొలిన్. కింద కొంచెం చెడామడా రాయబోతున్నాను కాబట్టి సెంటర్ పేరు చెప్పడం లేదు.

మా ఆయన ఇక్కడే పుట్టాడు. వాళ్ల అమ్మానాన్నలు దక్షిణ లెబనాన్‌లో బింత్ జ్బేల్ అనే ఊరి నుంచి 1976లో, అంటే అక్కడ అంతర్యుద్ధం మొదలైన మరుసటి ఏడు వచ్చారు. డియర్‌బోర్న్‌లో ఇప్పుడు సగానికి పైగా జనం అరబ్ మూలాలవాళ్లే. వారెన్ ఎవెన్యూ మీద వెళ్తుంటే బేకరీ నుంచి పళ్ల డాక్టర్ దాకా బోర్డులన్నీ అరబ్బీలో కనిపిస్తాయి. ఇలాంటి ఊళ్లో పెరిగినవాడికి మళ్లీ మూలాలు వెతుక్కోవడం ఏమిటి, ఇంట్లో కూర్చుని కళ్లజోడు వెతుక్కున్నట్టు, అని నేనే వెటకారం చేశాను. కానీ ఆయనకి అరబ్బీ అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో వస్తుంది. మన ఇళ్లలో పిల్లలు తెలుగులో తిట్టించుకుని ఇంగ్లీషులో సంజాయిషీ చెప్తారు చూడండి, అచ్చం అలాగే. పాటల సంగతి ఇంకా అన్యాయం. పెళ్లికెళ్తే కీబోర్డు మోత, దబ్కే డాన్సు, చెవులు గింగురుమంటూ ఇంటికి రావడం, అంతవరకే.

అసలు కథ వంటింట్లో ఉంది. మా అత్తగారు కూసా తొలుస్తూ పాడతారు. కూసా అంటే జుకినీయే, కాస్త పొట్టిగా, లేతాకుపచ్చగా ఉంటుంది, గుజ్జు తీసేసి లోపల బియ్యం, మాంసం కూరతారు. తొలవడానికి గాడితీసిన సన్నటి ఇనప పుల్ల ఒకటుంటుంది, అది లోపల తిరిగేటప్పుడు కరకరమని చప్పుడు. ఆ చప్పుడు మీదే ఆవిడ "ఓఓఫ్" అని ఒక దీర్ఘం తీసి అతాబా ఎత్తుకుంటారు. అతాబా అంటే పల్లె పద్యం అనుకోండి, నాలుగు పాదాలు. మొదటి మూడు పాదాలూ ఒకే మాటతో ముగుస్తాయి, వినడానికి అదే మాట, అర్థం మాత్రం మూడుసార్లూ మారిపోతుంది. మన యమకమే! ఇది నాకు తెలిసిన రోజు అత్తగారి మీద గౌరవం రెట్టింపయింది. అంతవరకూ ఆవిడ ఏదో కూనిరాగం తీస్తున్నారనుకున్నాను.

మా ఆయన చిన్నప్పుడు ఆరేళ్లు పియానో నేర్చుకున్నాడు. అమ్మ పాడే పాట పియానో మీద పట్టుకుందామని ఎన్నోసార్లు చూశాడట. ఒక్క స్వరం దగ్గర మాత్రం దొరకదు. ఈ మెట్టు నొక్కితే ఎక్కువవుతుంది, పక్కది నొక్కితే తక్కువవుతుంది. పియానో టీచర్‌ని అడిగితే ఆవిడ విని, మీ అమ్మగారికి శ్రుతి కొంచెం జారుతున్నట్టుంది అందట. పాపం ఆవిడ కావాలని అనలేదు, ఆవిడ చెవి అంత. కానీ పదేళ్ల పిల్లాడికి ఆ మాట మేకులా దిగిపోయింది. నలభై రెండేళ్లొచ్చినా అమ్మ అపస్వరం పాడుతుందనే నమ్మకం. ఇంటికి ఎవరైనా వచ్చినప్పుడు ఆవిడ పాట ఎత్తుకుంటే ఈయన టీవీ పెట్టేవాడు. నేను కళ్లారా చూశాను.

ఇప్పుడు క్లాసు. చెప్పే ఆయన ఈజిప్టు మనిషి, అరవై దాటి ఉంటాయి, అందరం ఉస్తాద్ అంటాం. మొదటి రోజు కాగితం లేదు, బోర్డు లేదు. ఒక్కొక్కళ్లనీ ఇంట్లో విన్నది ఏదైనా ఒక ముక్క పాడమన్నారు. మా ఆయన వంతు వచ్చేసరికి చెమటలు. చివరికి అమ్మ పాడే అతాబాలో ఒక పాదం పాడాడు, కాకపోతే "సరిచేసి" పాడాడు, అంటే పియానోకి తగ్గట్టు. ఉస్తాద్ కళ్లు మూసుకుని విన్నవారు ఒక చోట కళ్లు తెరిచారు.

"ఇక్కడ ఎందుకు దిద్దావు?"

"దిద్దలేదండీ."

"దిద్దావు. మీ ఇంట్లో ఎవరు పాడేవాళ్లు?"

"మా అమ్మ."

"ఆవిడ ఇలాగే పాడేదా?"

"లేదు, ఆవిడ కొంచెం తప్పు..." అని ఆగిపోయాడు.

ఉస్తాద్ ఏమీ అనలేదు. ఊద్ తీసి, పాశ్చాత్యుల దో రె మి లెక్కలో రె మీద నిలబడి, మి దగ్గరకి వచ్చారు. పియానోలో ఉండే మి కాదది, కోమల మి కూడా కాదు, రెండింటికీ మధ్యలో ఎక్కడో ఉంది. అక్కడి నుంచి ఫ, సోల్ తాకి మళ్లీ రె దగ్గరకి దిగారు. బయాతీ మకామ్ (మకామ్ అంటే మన రాగంలాంటిది) అన్నారు, మీ అమ్మ పాడేది ఇదే అన్నారు. మా ఆయన ఫోన్‌లో ట్యూనర్ యాప్ తెరిచాడు, ఇంజనీర్ కదా. ముల్లు రెండు స్వరాల నడుమ నిలబడి ఎర్రగా వెలుగుతోంది. "ఫోన్ జేబులో పెట్టు నాన్నా, దానికి చెవి పియానో వాళ్లు పెట్టారు" అన్నారు ఉస్తాద్. ఆ రోజు ఇంటికి వెళ్లేదాకా కారులో ఒక్క మాట లేదు. పార్కింగ్‌లో బండి ఆపి, ఇంజన్ ఆపకుండా కూర్చుని, ముప్పై ఏళ్లు టీవీ పెట్టాను అన్నాడు.

సంగీతం వచ్చినవాళ్ల కోసం కొంచెం వివరంగా రాస్తాను, రానివాళ్లు ఈ పేరా దాటేయండి. మకామ్ అంటే మన రాగానికి దగ్గరి చుట్టం. అజమ్ మకామ్ వింటే శంకరాభరణం, కుర్ద్ వింటే తోడి స్వరాలు, హిజాజ్ కార్ అయితే మాయామాళవగౌళ స్వరాలే. కానీ రాస్త్, బయాతీ, సికా, ఇవి మన పన్నెండు స్వరస్థానాల గడిలో కూర్చోవు. కాగితం మీద అర్ధ కోమలం అని రాసి, స్థాయిని 24 భాగాలు చేసి లెక్క చెప్తారు. 1932లో కైరోలో అరబ్ సంగీతం మీద పెద్ద మహాసభే జరిగింది, బార్తోక్ లాంటి యూరప్ స్వరకర్తలు కూడా వచ్చారు, అక్కడా ఈ స్వరాలని ఎలా కొలవాలన్న దాని మీద బోలెడు వాదన నడిచింది. మా ఉస్తాద్ ఆ లెక్కని పట్టించుకోరు. రాస్త్‌లో వచ్చే మి కన్నా బయాతీలో మి ఒక వెంట్రుకవాసి కిందికి ఉంటుంది, ఊరు మారితే ఇంకొంచెం కదులుతుంది, విను, విను, విను, అంటారు. మనకి ఇది కొత్తేం కాదు, రాగాన్ని బట్టి ఒకే గాంధారం వేరేగా పలకడం చిన్నప్పటి నుంచి విన్నదే.

నా సంగతి. అరబ్ పద్ధతిలో వయొలిన్‌ని సోల్-రె-సోల్-రె అని శ్రుతి చేస్తారు. పాశ్చాత్య శ్రుతికి అలవాటుపడ్డ ఇంకో అమ్మాయి పై రెండు తీగలూ దించుకుంటూ కుస్తీ పడుతుంటే నేను ఖాళీగా కూర్చున్నాను, ఎందుకంటే మనది ఎలాగూ స-ప-స-ప కదా, నాది అప్పటికే అలా ఉంది. ఆ గర్వం ఇరవై నిమిషాలు నిలిచింది. హిజాజ్ వాయించమంటే నేను రి, గ మధ్య హాయిగా గమకం వేశాను. ఉస్తాద్ ఆపి, చాలా బాగుంది, కానీ ఇది మీ అమ్మమ్మది, ఈ పాట వేరే వాళ్ల అమ్మమ్మది, అన్నారు. ఇక్కడ స్వరం నిలబడాలి, అలంకారం దాని చుట్టూ చిన్నగా, గబుక్కున రావాలి. చేతికి ముప్పై ఏళ్ల అలవాటు, పది వారాల్లో పోలేదు. తక్సీమ్ అంటే ఆలాపనే అని తెలిసినా నా తక్సీమ్ వింటే కచేరీ మధ్యలో దారి తప్పిన మనిషిలా ఉంటుంది.

ఊద్ కొనే విషయంలో మేం చేసిన తప్పు మీరు చేయకండి. క్లాసు మొదలవకముందే ఆన్‌లైన్‌లో 190 డాలర్లకి ఒకటి తెప్పించాం. ఫోటోలో ముత్యాల చిప్ప పొదిగిన పని చూసి మురిసిపోయాం. వచ్చాక చూస్తే తీగలు పలకకి ఎంత ఎత్తులో ఉన్నాయంటే నొక్కితే వేలు కోసుకుపోతోంది, పైగా బిరడాలు నిలవవు. ఊద్‌కి పదకొండు తీగలు, అయిదు జంటలు, కింద మంద్రానికి ఒంటిది. పదకొండో తీగ సరిచేసేలోపు మొదటిది జారిపోతుంది. మిషిగన్ చలికాలంలో ఇంట్లో హీటర్‌కి గాలి ఎండిపోయి చెక్క కుంచించుకుపోతుందని, బిరడాలకి సుద్దముక్క రాయాలని, పెట్టెలో తేమ ఇచ్చే గొట్టం పెట్టాలని మాకు ఎవరూ చెప్పలేదు. రెండో వారంలో పలక మీద వెంట్రుకంత చీలిక వచ్చింది. అమ్మినవాళ్లకి రాస్తే "అలంకరణ వస్తువు" అని వివరాల్లో ఉంది కదా అన్నారు. నిజమే, ఎక్కడో చివర చిన్న అక్షరాల్లో ఉంది. ఇప్పుడది గోడకి వేలాడుతోంది, అలంకరణగానే.

సెంటర్ వాళ్ల దగ్గర నెలకి 25 డాలర్లకి అద్దె ఊద్ ఉంటుంది, అది తీసుకోండి. ఈ క్లాసులో డబ్బుకి తగ్గ విలువ ఎక్కడుంది అంటే అక్కడే ఉంది. ఎవరో వాడి వాడి నున్నబడ్డ ఊద్ అది, సుతిమెత్తగా పలుకుతుంది, బరువే ఉండదు. వీపు గుండ్రం కావడంతో పొట్ట మీద నిలవదు, జారుతుంది, మా ఆయనకి కాస్త బొజ్జ ఉంది కాబట్టి బొజ్జకీ బొజ్జకీ పొత్తు కుదరడానికి నాలుగు వారాలు పట్టింది. మీటడానికి రీషా వాడతారు. రీషా అంటే ఈక, ఒకప్పుడు గద్ద ఈకతో చేసేవాళ్లు, ఇప్పుడు పొడుగాటి ప్లాస్టిక్ ముక్క. అది పోగొట్టుకున్న రోజున ఉస్తాద్ జేబులోంచి వైర్లు కట్టే కేబుల్ టై తీసి, చివర కత్తిరించి ఇచ్చారు. దాంతో వాయిస్తే ఇంకా బాగుంది.

ఇక తిట్లు. గది బేస్‌మెంట్‌లో, సరిగ్గా బాస్కెట్‌బాల్ కోర్టు కింద. సమాయీ అనే ప్రక్రియ నేర్పారు, దాని తాళం పది అక్షరాలు, మూడు రెండు రెండు మూడుగా విరుస్తారు, మధ్యలో తస్లీమ్ అనే భాగం మన పల్లవిలా మళ్లీ మళ్లీ వస్తుంది. పది లెక్కపెట్టుకుంటూ కళ్లు మూసుకుని ఉంటే పైన ఎవడో బంతిని నాలుగులో కొడుతుంటాడు. తాళం నిలబడిందంటే అది మా గొప్పే. రెండు వారాలు క్లాసు రద్దయింది, ఆ సంగతి మాకు పార్కింగ్‌లో తెలిసింది. ఒక వారానికి బదులు క్లాసు పెట్టారు, రెండోదానికి ఇప్పటికీ "చూస్తున్నాం" అంటున్నారు. పిల్లల బ్యాచ్ విడిగా ఉంటుందని డబ్బు కట్టించుకుని, మూడో వారం నుంచి అందరినీ ఒకే గదిలో వేశారు. కానూన్ వాయించే ఆయన ఒకరున్నారు, దానికి డెబ్భైకి పైగా తీగలు. ఆయన శ్రుతి చేసుకోవడానికి పక్క గది ఇమ్మంటే తాళంచెవి లేదన్నారు. దాంతో ప్రతి శనివారం మొదటి ఇరవై నిమిషాలు అందరం ఆయన టింగ్ టింగ్ వింటూ కూర్చోవడమే.

పాటల కాగితాల గురించి ఒక మాట. జిరాక్స్‌కి జిరాక్స్ తీసినవి, సగం అక్షరాలు ఎగిరిపోయాయి. అరబ్బీ చదవడం రానివాళ్ల కోసం ఇంగ్లీషు అక్షరాల్లో రాసిచ్చారు, మంచిదే, కానీ ఇంగ్లీషులో లేని శబ్దాలకి అంకెలు వాడతారు, గొంతు లోపలి నుంచి వచ్చే అయిన్ అక్షరానికి 3, గట్టి హ అక్షరానికి 7, అరబ్ కుర్రాళ్లు మెసేజీల్లో రాసుకునే పద్ధతి. ఇది ఎవరూ చెప్పలేదు. కాగితాలు ఇచ్చిన మొదటిసారి మా పాప "7abibi" అని ఉన్న హబీబీని (నా ప్రియతమా అని అర్థం) "సెవెన్ అబీబీ" అని గొంతెత్తి పాడింది. గదంతా నవ్వు. ఆ పిల్ల సిగ్గుపడుతుందేమోనని నేను భయపడ్డాను గానీ, అది ఇప్పుడు ఇంట్లో నాన్నని పిలిచేదే అలాగ.

పాప గురించి నిజం చెప్పాలంటే దానికి మూలాలూ గీలాలూ ఏం పట్టవు. దుమ్, తక్ అని రెండు మాటలు చెప్పారు, మధ్యలో కొడితే దుమ్, అంచున కొడితే తక్. తకధిమి వింటూ పెరిగిన పిల్ల కదా, మక్సూమ్ తాళం అరగంటలో పట్టేసింది: దుమ్ తక్, తక్ దుమ్, తక్. ముగ్గురిలో బాగా వచ్చింది దానికే. మా ఆయన కళ్లలో నీళ్లు పెట్టుకుని నేర్చుకునేది అది చాక్లెట్ నములుతూ వాయిస్తుంది. ఆయనకి ఇది మొదట్లో కొంచెం బాధ, తరవాత కొంచెం హాయి.

ఉస్తాద్ మధ్యమధ్య పాత రికార్డులు వినిపిస్తారు. న్యూయార్క్‌లో వాషింగ్టన్ స్ట్రీట్ చుట్టుపక్కల ఒకప్పుడు లిటిల్ సిరియా అని పేట ఉండేది, ఇప్పటి లెబనాన్, సిరియా ప్రాంతాల నుంచి వచ్చినవాళ్లది. 1920ల్లోనే అక్కడ అరబ్బీ పాటల గ్రామఫోన్ రికార్డులు వేసి అమ్మేవాళ్లు, 1940ల్లో సొరంగం రోడ్డు కట్టడానికి ఆ పేటని చాలావరకు కూల్చేశారు. ఒక రికార్డులో గీరుడు చప్పుడు వెనక వయొలిన్, దాని వెనక ఎవరో "ఆహ్" అన్న గొంతు. అంటే వందేళ్ల కిందటే ఈ దేశంలో ఒకళ్లు వాయిస్తుంటే ఇంకొకళ్లు భలే అన్నారు. వాయించేవాడికి పూనకం వచ్చేది వినేవాడి వల్లే అంటారు ఉస్తాద్, ఆ స్థితికి తరబ్ అని పేరు. అందుకే క్లాసులో ఎవరు బాగా వాయించినా "యా సలామ్" అనడం కూడా పాఠంలో భాగమే. మనం శభాష్ అని తొడ చరుస్తాం కదా, అలాంటిదే. మిషిగన్‌లో పుట్టి పెరిగిన కుర్రాళ్లకి అది నేర్చుకోవడం స్వరాల కన్నా కష్టంగా ఉంది, చప్పట్లు చివర్లోనే కొట్టాలని బడిలో నేర్పారు మరి.

పదో వారం చిన్న హఫ్లా, అంటే ఇళ్లవాళ్లని పిలిచి వాయించడం. అత్తగారిని తీసుకెళ్లాం. ఆవిడ మూడో వరసలో చేతిసంచి ఒళ్లో పెట్టుకుని, పెళ్లి చూపులకి వచ్చిన మనిషిలా కూర్చున్నారు. సమాయీ అయ్యింది, ఆవిడ మొహంలో ఏ కదలికా లేదు. తరవాత ఉస్తాద్ స్వయంగా మీజానా అందుకున్నారు, అతాబా తరవాత అందరూ కలిసి పాడే పల్లవి అది. ఈజిప్టు వాళ్లకి జ పలకదు, గ అంటారు, కాబట్టి మీజానా కాస్తా "మీగానా" అయింది. అత్తగారు ఇక ఉండలేకపోయారు. "జ! జ!" అని కూర్చున్న చోటి నుంచే దిద్దారు. ఉస్తాద్ ఆపి, చేయి గుండె మీద పెట్టుకుని, అయితే మీరే చెప్పండమ్మా అన్నారు.

ఆవిడ పాడలేదు. చాలాసేపు బతిమాలినా కొడుకు వైపు చూశారు తప్ప నోరు విప్పలేదు. ఈయన టీవీ పెట్టినవన్నీ ఆవిడకి గుర్తున్నాయని నాకు అప్పుడు అర్థమైంది. మా ఆయన మరి ఏమనుకున్నాడో, ఊద్ సర్దుకుని రె మీద మొదలుపెట్టి, ఆ మి దగ్గరికి వచ్చాడు, వచ్చి అక్కడే ఆగాడు. కొంచెం పైకి పోయింది. అత్తగారు సంచి మీద నుంచి చేయి తీసి, అరచెయ్యి కిందికి చూపిస్తూ తగ్గించు అన్నట్టు ఊపారు. తగ్గించాడు. ఇంకొంచెం అన్నారు. తగ్గించాడు. "హా" అన్నారు. నలుగురు వెనక నుంచి యా సలామ్ అన్నారు. అంతే, కచేరీ అయిపోయింది, టీ ఇచ్చారు.

ఆ తరవాత ఏదో అద్భుతం జరిగిందని అనుకోకండి. బింత్ జ్బేల్ పాత బజారు 2006 యుద్ధంలో చాలావరకు నేలమట్టమైంది, ఆవిడ పాటల్లో ఉన్న ఊరు ఊద్ వాయిస్తే లేచి రాదు. ఆయన ఇప్పటికీ అమ్మకి ఇంగ్లీషులోనే జవాబు చెప్తాడు. కాకపోతే ఆదివారం కూసా తొలిచేటప్పుడు వంటింటి స్టూలు మీద ఊద్ పట్టుకుని కూర్చుంటున్నాడు. ఆవిడ తన పాటకి తనే తాళం తప్పించి వీడిని తికమక పెట్టి నవ్వుతారు.

ఎవరు చేరాలి అంటారా. పెళ్లిలో వాయించడానికి రెండు పాటలు గబగబా వచ్చెయ్యాలి అనుకునేవాళ్లకి ఇది పనికిరాదు, పది వారాల్లో మాకు వచ్చింది ఒక సమాయీ, ఒక మువష్షహ్ (పాతకాలపు అరబ్బీ పాటల్లో ఒక రకం), మూడు మకామ్‌లు, అవీ అరకొరగా. కాగితం చూసి వాయించే అలవాటున్నవాళ్లు మొదటి నాలుగు వారాలు ఏడుస్తారు. ఇంట్లో పాడే పెద్దవాళ్లు ఉంటే, వాళ్ల పాట ముందుగా ఫోన్‌లో రికార్డు చేసుకుని తీసుకెళ్లండి, ఉస్తాద్ దాని మీదే పాఠం మొదలుపెడతారు. ఎవరూ లేకపోతే మకామ్ వరల్డ్ అనే వెబ్‌సైట్ ఉంది, మకామ్‌లూ తాళాలూ ఉచితంగా వినొచ్చు, దాంతో చెవికి కాస్త పదును పెట్టుకోండి.

వచ్చే విడతకి మేం ఇద్దరికి కట్టేశాం, పాప స్విమ్మింగ్‌కి పోతానంటోంది. బేస్‌మెంట్ మెట్లు దిగాక ఎడమ చేతి వైపు రెండో తలుపు, కొంచెం బిగుసుకుపోయి ఉంటుంది, భుజంతో నెట్టండి.